హేరాస్ చూసిన ఆరవీటి రాజ్యం: యేసుసభ లేఖలు, తెలుగు కావ్యావతారికలు

కృష్ణరాయల అనంతర కాలపు తెలుగు సాహిత్యాన్ని గురించి రాసేవారెవరైనా ఒక ఆంగ్ల గ్రంథం దగ్గరికి చేరక తప్పదు. అది 1927లో మద్రాసులో అచ్చయిన ఆరవీటి వంశ చరిత్ర. దాని కర్త హెన్రీ హేరాస్ కథోలిక గురువు, యేసుసభ సభ్యుడు, బొంబాయి సెయింట్ జేవియర్స్ కళాశాలలో చరిత్రాచార్యుడు. మన సిద్ధాంత గ్రంథాల పాదసూచికల్లో ఆయన పేరు తరచుగా కనిపిస్తుంది. వేంకటపతిరాయల పాలనాకాలం, పెనుకొండ నుంచి చంద్రగిరికి రాజధాని మార్పు, మట్ల అనంతరాజు కాలనిర్ణయం వంటి విషయాలకు ఆయన గ్రంథాన్ని ప్రమాణంగా చూపి ముందుకు సాగిపోవడం అలవాటైంది. అయితే ఆయన ఎవరు, ఏ ఆధారాల మీద ఆ చరిత్రను నిర్మించారు, తెలుగు కావ్యాలను ఆ ఆధారాల నడుమ ఏ స్థానంలో కూర్చోబెట్టారు అన్న ప్రశ్నలు తెలుగు శాఖల్లో అంతగా చర్చకు రాలేదు. పదహారు, పదిహేడు శతాబ్దాల కావ్యావతారికల మీద పని చేస్తున్న ఈ వ్యాసకర్తకు ఆ ప్రశ్న పక్కకు నెట్టలేనిదిగా ఎదురైంది. హేరాస్ తీర్పును అంగీకరిస్తే మనం చదివే అవతారికల్లో సగం అలంకారంగా మిగిలిపోతాయి. ఆ తీర్పును కాదనాలంటే ఆయన నమ్మిన సాక్ష్యాన్ని మళ్లీ చదవాలి. ఈ వ్యాసం ఆ రెండో పనికి చేసిన ప్రయత్నం.

బొంబాయికి వచ్చిన అధ్యాపకుడు

హేరాస్ 1888 సెప్టెంబరు 11న స్పెయిన్‌లోని బార్సిలోనాలో జన్మించారు. పదహారో ఏట యేసుసభలో చేరారు. 1920లో గురుపట్టాభిషేకం పొంది, 1922 నవంబరులో బొంబాయి చేరారు. అప్పటికి ఆయన వయస్సు 34 సంవత్సరాలు. కళాశాలలో ఏ చరిత్ర బోధిస్తారన్న ప్రసక్తి వచ్చినప్పుడు, తనకు తెలియని చరిత్ర ఏదని ఆయన ఎదురు ప్రశ్న వేశారనీ, భారతదేశ చరిత్ర అని జవాబు రాగా, అయితే దానినే బోధిస్తానన్నారనీ ఒక కథ ప్రచారంలో ఉంది. ఇలాంటి కథలు పెద్దల చుట్టూ తామే అల్లుకుంటాయి. కానీ తరువాతి అయిదేళ్ల పని చూస్తే ఆ కథను పూర్తిగా కొట్టివేయబుద్ధి కాదు. 1926లో ఆ కళాశాలలోనే భారత చరిత్ర పరిశోధన సంస్థను స్థాపించారు. ఆయన మరణానంతరం ఆ సంస్థే ఆయన పేరిట హేరాస్ సంస్థ అయింది. అదే సంవత్సరం భారతీయ విద్యార్థుల కోసం చరిత్ర రచనా పద్ధతిని వివరించే చిన్న పుస్తకం ప్రకటించారు. మరుసటి సంవత్సరమే ఆరవీటి వంశ చరిత్ర మొదటి సంపుటం సర్ రిచర్డ్ కార్నాక్ టెంపుల్ పీఠికతో వెలువడింది. దేశానికి వచ్చిన అయిదేళ్లలో ఒక విదేశీయుడు అంతటి గ్రంథాన్ని రాయడం విశేషమే. అయితే ఆ వేగానికి ఒక కారణం కనిపిస్తుంది. ఆయన తన చేతికి ముందే అందుబాటులో ఉన్న ఆధారం నుంచి మొదలుపెట్టారు. అది ఆయన సభ తాను రాసుకున్న ఉత్తరాల భాండాగారం.

విజయనగర చరిత్రకు విదేశీయుల రచనలను ఆధారం చేసుకోవడం హేరాస్‌తో మొదలు కాలేదు. రాబర్ట్ స్యూయెల్ 1900లో ప్రచురించిన గ్రంథంలో పేస్, నూనిజ్ అనే పోర్చుగీసుల వృత్తాంతాలను ఆంగ్లంలో అందించారు. ఆ తరువాత 1919లో ఎస్. కృష్ణస్వామి అయ్యంగారు మద్రాసు విశ్వవిద్యాలయం పక్షాన విజయనగర చరిత్రాధారాల సంకలనం తెచ్చారు. తెలుగు, సంస్కృత కావ్యాల అవతారికల నుంచి, వంశావళుల నుంచి ఎత్తి కూర్చిన భాగాలు అందులో ఉన్నాయి. మొదటి పుస్తకం పరదేశి కంటితో చూసినది, రెండోది ఆస్థాన కవి నోటితో చెప్పినది. హేరాస్ ఈ రెండు పాయలనూ ఒకచోట కలిపారు. శాసనాలు, పారశీక చరిత్రలు, యేసుసభ లేఖలు, తెలుగు కావ్యాలు ఒకే పుట అడుగున పక్కపక్కన కనిపించడం ఆ కాలానికి కొత్త. ఆంధ్ర చరిత్ర రచనకు ఆయన చేసిన ఉపకారాల్లో నేను మొదట చెప్పదలచుకున్నది ఇదే.

అయితే ఆ పక్కపక్కన కూర్చున్నవారందరికీ ఒకే ఎత్తు పీట దక్కలేదు. లేఖ ఒకటి చెప్పి, కావ్యం మరొకటి చెబితే హేరాస్ మొగ్గు సాధారణంగా లేఖ వైపే. రెండూ ఒకే మాట చెబితే కావ్యం బలపరిచే సాక్షి అవుతుంది. తెలుగు కావ్యాలు ఆయనకు ప్రధానంగా కృష్ణస్వామి అయ్యంగారి సంకలనం ద్వారా చేరినవి. అంటే వసుచరిత్ర గాని, అందుగుల వెంకయ్య రామరాజీయం గాని, మట్ల అనంతుని కకుత్స్థ విజయం గాని చరిత్ర కోసం అప్పటికే కత్తిరించిన ముక్కలుగానే ఆయన ముందుకు వచ్చాయి. కావ్యం నుంచి వేరుచేసిన అవతారిక ఎలా కనిపిస్తుందో అలాగే ఆయనకూ కనిపించింది. అది పొగడ్తల నడుమ అక్కడక్కడ ఒక వాస్తవం దొరికే చోటుగా తోచింది.

చంద్రగిరి నుంచి వెళ్లిన ఉత్తరాలు

1598లో మైలాపూరు దగ్గరి శాంథోమ్ నుంచి యేసుసభ గురువులు చంద్రగిరిలోని వేంకటపతిరాయల దర్శనానికి వచ్చారు. వారిలో సిమావో ద సా, ఫ్రాంచెస్కో రిచ్చి ఉన్నారు. రాయలు వారిని ఆదరించాడు. చంద్రగిరిలో ఆలయం కట్టుకోవడానికి అనుమతి లభించింది. ఆ తరువాత వచ్చిన గురువుల్లో ఆంటోనియో రూబీనో గణితజ్ఞుడు, ఖగోళశాస్త్రం తెలిసినవాడు. బార్తొలొమెయో ఫొంతెబోనా చిత్రకారుడు. చిత్రలేఖనం మీద రాయలకున్న మక్కువ ఆ లేఖల్లో స్పష్టంగా కనిపిస్తుంది. కొలువు వేలూరుకు తరలినప్పుడు ఈ గురువులూ అక్కడికి వెళ్లారు. నికొలావ్ పిమెంతా వంటి పర్యవేక్షకుల నివేదికలు ఐరోపాలో ఆ రోజుల్లోనే అచ్చయ్యాయి. మిగిలిన లేఖలు సభ భాండాగారాల్లో ఉండిపోయాయి. హేరాస్ అచ్చులో ఉన్నవాటినీ లేనివాటినీ కూడా వెలికి తీసి వాడుకున్నారు. వేంకటపతి రూపురేఖలు, కొలువు తీరు, రాణుల ప్రాబల్యం, సామంతుల కలహాలు, పోర్చుగీసులకూ డచ్చివారికీ పులికాటు రేవు విషయంలో నడిచిన పోటీ, ఇవన్నీ తెలుగు ఆధారాల్లో ఇంత దగ్గరగా దొరికేవి కావు.

మరి ఈ లేఖలు ఏమిటి? యేసుసభలో ప్రతి కేంద్రం నుంచి ఏటేటా పై అధికారికి వృత్తాంతం రాసి పంపాలన్నది నియమం. అవి ఐరోపాలోని సభా గృహాల్లో భోజనశాలలో చదివి వినిపించేవి, ఎన్నో భాషల్లోకి అనువాదమై చేతులు మారేవి. చదివేవారికి ఉత్సాహం కలగాలి, దాతలకు నమ్మకం కలగాలి, యువకులకు తూర్పుదేశాలకు వెళ్లాలన్న కోరిక పుట్టాలి. అందుచేత ఆ రాతకు ఒక మర్యాద ఏర్పడింది. రాజు సౌమ్యుడుగా, సత్యం వైపు మొగ్గినవాడుగా కనిపిస్తాడు. అతని చుట్టూ ఉన్న బ్రాహ్మణులు అడ్డుపడేవారుగా కనిపిస్తారు. కష్టాలుంటాయి, కష్టాల్లోనే ఆశ ఉంటుంది. మన అవతారికలోనూ ఇష్టదేవతా స్తుతి, కృతిభర్త వంశ వర్ణన, కృతి చెప్పమని కోరిన సందర్భం, షష్ఠ్యంతాలు ఒక వరుసలో వస్తాయి. అక్కడ రాజు ధర్మోద్ధారకుడు కాక తప్పదు. ఇక్కడ రాజు మతం మారబోయేవాడు కాక తప్పదు. రెండు చోట్లా రాసేవాడికి ఒక ఏలిక ఉన్నాడు, రెండు చోట్లా చదివేవాడు ఏం వినదలచుకున్నాడో రాసేవాడికి ముందే తెలుసు. కాబట్టి యేసుసభ వార్షిక లేఖ కూడా ఒక విధమైన అవతారికే అని నా అభిప్రాయం. హేరాస్ ఒకదానిలోని మర్యాదను వెంటనే గుర్తుపట్టారు. రెండోది ఆయన పెరిగిన ఇంటి భాష. అందులోని మర్యాద ఆయనకు కనిపించలేదని అనను గాని, ఎక్కువ చోట్ల దానిని దాటి వెళ్లారు.

దీనికి హేరాస్ గ్రంథంలోనే ఎదురు సాక్ష్యం ఉంది. ఇది ఆయన నిజాయితీకి నిదర్శనం కూడా. విజయనగర రాజుల దానపత్రాల చివర శ్రీ విరూపాక్ష అన్న చేవ్రాలు తరతరాలుగా వచ్చేది. వేంకటపతి కాలంలో దాని స్థానంలో శ్రీ వేంకటేశ అన్నది వచ్చింది. నాణేల మీదా వేంకటేశ్వరుని పేరు చేరింది. తాతాచార్యుల ప్రాబల్యం కొలువులో పెరిగింది. ఈ మార్పును వైష్ణవ వ్యాప్తికి ముఖ్య సూచనగా హేరాసే తన గ్రంథంలో చూపించారు. తిరుమల ఆలయ ప్రవేశంలో కృష్ణరాయలకు ఎదురుగా ఉన్న విగ్రహాల్లో వేంకటపతిరాయల రాగి ప్రతిమను నేటికీ చూడవచ్చు. చేతులు జోడించి నిలబడిన ఆ రాజును చూసినవారు, అతడు మతం మారబోతున్నాడని ఒక తరం గురువులు ఎలా ఆశపడ్డారా అని విస్తుపోతారు. విస్తుపోవలసిన పని లేదు. తన కొలువుకు వచ్చిన పరదేశి పండితులను ఆదరించడం, వారికి ఆలయ స్థలం ఇవ్వడం, వారి వాదాలు వినడం విజయనగర ప్రభువులకు కొత్త కాదు. జైనులకూ తురకలకూ ఇచ్చినదే వీరికీ దక్కింది. అందులోనూ శాంథోమ్ రేవు, పోర్చుగీసు గుర్రాలు, పులికాటు రాబడి రాయల లెక్కలో ఉన్నాయి. లేఖకులు ఆదరాన్ని చూశారు. ఆ ఆదరం ఎక్కడ ఆగుతుందో చేవ్రాలు చెబుతుంది. హేరాస్ రెండింటినీ ఒకే గ్రంథంలో రాశారు, కానీ వేరువేరు అధ్యాయాల్లో రాశారు. వాటిని ఎదురెదురుగా పెట్టలేదు.

బడగ అన్న మాట

తెలుగు శాఖవారికి ఆ లేఖల్లో మరొక ఆసక్తికరమైన అంశం ఉంది. లేఖకులు తెలుగువారిని బడగలనీ, తెలుగును బడగ భాష అనీ రాస్తారు. తమిళంలో వడుగు అంటే తెలుగు, వడుగర్ అంటే ఉత్తరం నుంచి వచ్చినవారు. పోర్చుగీసు చెవికి ఆ వకారం బకారమైంది. ఈ మాట చంద్రగిరి కంటే ముందే వారి లేఖల్లోకి వచ్చింది. 1544లో ఫ్రాన్సిస్ జేవియర్ ముత్యాల తీరం నుంచి రాసిన ఉత్తరాల్లో కన్యాకుమారి వైపు వచ్చి పరతవరులను తరిమిన బడగల ప్రస్తావన ఉంది. ఆ సేనలు విజయనగరానివి. ఆరవీటి విఠలుడు దక్షిణ దండయాత్ర సాగించిన కాలం అది. హేరాస్ ఈ లేఖలనూ విఠలుని శాసనాలనూ కలిపి ఆ దండయాత్ర కథను కూర్చారు. ఆయన పద్ధతికి ఇది మంచి ఉదాహరణ.

నీలగిరుల్లోని బడగ భాష వేరు, అది కన్నడానికి దగ్గరిది. పేరు ఒకటే కావడం వల్ల పాత లేఖలు చదివేవారు తడబడే అవకాశం ఉంది. ఇక్కడ మనం గమనించవలసింది ఇది. పదహారో శతాబ్దపు ఐరోపా పాఠకుడు తెలుగువారిని మొదట విన్నది తమిళ తీరపు బెస్తవారి నోట, భయపెట్టే గుర్రపు దండుగా. తెలుగు దేశం నడిబొడ్డుకు వచ్చిన తరువాత కూడా గురువులు ఆ పేరునే వాడారు. తరువాతి కాలంలో ఆంగ్లేయులు జెంటూ అన్నారు. 1816లో కాంప్‌బెల్ తన వ్యాకరణానికి పేరు పెట్టేటప్పుడు తెలుగు అని చెప్పి, సాధారణంగా జెంటూ అని పిలిచేది అని చేర్చవలసి వచ్చింది. ఒక భాష పేరు దాని పొరుగువారి ద్వారా, వారి భయాల ద్వారా పరదేశానికి చేరడం భాషా చరిత్రలో అరుదు కాదు. కానీ ఆ పేరును చదివే చరిత్రకారుడు ఆ భయాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

కావ్యం ఊరుకున్న చోట

లేఖలకూ యాత్రికుల రాతలకూ హేరాస్ ఇచ్చిన విలువ అకారణం కాదు. ఆస్థాన కవి చెప్పలేనివి కొన్ని ఉంటాయి. 1565 జనవరి 23న జరిగిన యుద్ధాన్ని తళ్లికోట యుద్ధమనే అలవాటు ఉండగా, రక్కసి తంగడి పేరును హేరాస్ ముందుకు తెచ్చారు. ఆ యుద్ధంలో అళియ రామరాయలు చనిపోయాడు. తమ్ముడు తిరుమలరాయలు పేరుకు మాత్రం రాజైన సదాశివుణ్ణి వెంటబెట్టుకొని పెనుకొండ చేరాడు. వసుచరిత్ర కృతిభర్త ఈ తిరుమలరాయలే. సదాశివుడు ఏమయ్యాడన్న ప్రశ్నకు వసుచరిత్రలో జవాబు వెతకడం అమాయకత్వం. కృతిభర్త ఏ దారిన సింహాసనం ఎక్కాడో రామరాజభూషణుడు చెప్పడు, చెప్పకూడదు.

ఆ ప్రశ్నకు జవాబిచ్చినవాడు సీజర్ ఫ్రెడరిక్ అనే వెనిస్ వర్తకుడు. 1567లో అతడు విజయనగరంలో ఏడు నెలలున్నాడు. తిరుమలరాయల కొడుకు సదాశివుణ్ణి చంపించాడని అతడు రాశాడు. కావ్యం దాచినదాన్ని వర్తకుడు బయటపెట్టాడనిపిస్తుంది. కానీ 1567 తరువాతి తేదీలు గల శాసనాలు కొన్ని సదాశివుణ్ణే రాజుగా పేర్కొంటున్నాయి. అంటే వర్తకుడు రాసినది ఆనాడు బజారులో తిరిగిన వదంతి కావచ్చు, లేదా చనిపోయిన రాజు పేరును శాసనాలు మోస్తూ ఉండవచ్చు. కావ్యం మౌనంగా ఉంది, యాత్రికుడు మాట్లాడాడు, రాయి యాత్రికుణ్ణి కాదంటోంది. ఈ మూడింటిలో దేనికీ ముందుగానే పెద్దపీట వేయలేమని చెప్పడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ ఆరవీటి చరిత్రలో నాకు దొరకలేదు.

మౌనం కూడా ఒక సాక్ష్యమే. వసుచరిత్ర అవతారికలో ఆరవీటి వంశక్రమం ఎక్కడ మొదలై ఏయే పూర్వుల మీదుగా నడిచింది, పాత ప్రభువుల ప్రస్తావన ఎక్కడ సన్నగిల్లింది అని చూస్తే, కొత్త వంశం తనను తాను ఎలా నిలబెట్టుకుంటున్నదో తెలుస్తుంది. రామరాజీయం రాసేనాటికి ఆ వంశక్రమం ఇంకా పెరిగి, పురాణ పురుషుల దాకా వెళ్లి, సొంత పరాక్రమాల జాబితాగా మారింది. తేదీల కోసం వెతికేవాడికి ఇందులో పొల్లు ఎక్కువ. రాజ్యాధికారం ఏ మాటలతో తనను సమర్థించుకుంటుందో తెలుసుకోదలచినవాడికి పొల్లు లేదు. హేరాస్ మొదటి కోవకు చెందినవారు. ఆయన తరం చరిత్రకారులందరూ దాదాపు ఆ కోవవారే. అందుకు ఆయనను తప్పుపట్టడం న్యాయం కాదు. ఆయన తీర్పును సాహిత్య విద్యార్థులమైన మనమే అరువు తెచ్చుకొని, అవతారికలను ఆధారాలుగా, కావ్యాలను రసవస్తువులుగా విడదీసుకోవడం మాత్రం ఆలోచించవలసిన విషయం.

మూలాల వివాదం

1929లో హేరాస్ విజయనగర చరిత్ర ఆరంభాలను గురించి మరొక పుస్తకం ప్రకటించారు. తెలుగు నాట ఆయన పేరు ఎక్కువగా వాదంలోకి వచ్చింది దీని వల్లనే. నగరానికి పునాది హొయసళ మూడవ బల్లాలుని కాలంలో పడిందనీ, హరిహర బుక్కలు కన్నడ సంప్రదాయానికి చెందినవారనీ, విద్యారణ్యుడు నగరాన్ని నిర్మింపజేశాడన్న కథ పదహారో శతాబ్దంలో శృంగేరి మఠంవారు కల్పించినదనీ ఆయన వాదం. నేలటూరి వెంకటరమణయ్య అదే కాలంలో కంపిలి చరిత్రను గురించీ, ఆ తరువాత 1933లో విజయనగర పుట్టుకను గురించీ రాసి, సంగమ సోదరులకు ఓరుగల్లుతో ఉన్న సంబంధాన్ని సమర్థించారు. వాదం తెలుగు, కన్నడ అభిమానాలుగా చీలిపోయి కొన్ని దశాబ్దాలు నడిచింది. ఎవరి శాసనాలు వారు ఎత్తి చూపారు.

ఆ గొడవలో మరుగున పడిన సంగతి ఒకటి ఉంది. హేరాస్ వాదంలోని రెండు భాగాలూ ఒకదానిమీద ఒకటి ఆధారపడినవి కావు. బల్లాలుని వాదం నిలవకపోయినా, విద్యారణ్య కథ ఆలస్యంగా పుట్టిందన్న వాదం నిలవవచ్చు. 1985లో హెర్మన్ కుల్కే ఆ శాసనాలను తిరిగి పరిశీలించి, విద్యారణ్యుణ్ణి నగర నిర్మాతగా చెప్పే పత్రాలు తరువాతి కాలపువేనన్న నిర్ణయాన్ని మొత్తం మీద బలపరిచారు. తనది కాని మతంలోని ఒక మఠపు ఐతిహ్యాన్ని పరీక్షకు పెట్టినప్పుడు హేరాస్ ఎంత పదునుగా చదవగలరో ఈ పుస్తకం చూపుతుంది. తన కోసం తాను రాసుకున్న పత్రం ఏ అవసరానికి పుట్టింది, ఎవరికి లాభం, ఎప్పటిది అని ఆయన అడిగారు. ఆ మూడు ప్రశ్నలనూ చంద్రగిరి లేఖల ముందు అంత గట్టిగా పెట్టి ఉంటే ఆరవీటి చరిత్ర మరొకలా ఉండేది. 1933లో ఆయన భారతదేశంలో యేసుసభ మతవ్యాప్తి విధానాన్ని గురించి ఒక చిన్న గ్రంథం రాశారు. తన సభ చరిత్రను తానే రాయడంలోని ఇరకాటం అక్కడ మరింత ప్రత్యక్షం. అయితే ఈ ఇరకాటం గురువులకే పరిమితమని అనుకోరాదు. తన కులపు వంశావళిని, తన ఊరి స్థలపురాణాన్ని పరిష్కరించే పండితుడికీ అది ఉంటుంది.

తరువాతి రచనల గురించి ఇక్కడ విస్తరించవలసిన పని లేదు. పల్లవులపై వ్యాసాలు 1933లో వెలువడ్డాయి. సింధు ముద్రల లిపిని ద్రావిడ భాషగా చదవడానికి రెండు దశాబ్దాలు శ్రమించి 1953లో పెద్ద గ్రంథం తెచ్చారు. ఆ పఠనాన్ని మొత్తంగా నేడు ఎవరూ అంగీకరించరు. కానీ చేప గుర్తును మీన్ అని చదివి, ద్రావిడంలో ఆ మాటకు నక్షత్రమనే అర్థమూ ఉందని ఆయన చూపిన సూచనను అస్కో పర్పోలా వంటి తరువాతి పరిశోధకులు కొనసాగించారు. భారతీయ శైలిలో క్రైస్తవ చిత్రకళ రావాలని కోరి గోవా చిత్రకారుడు ఆంజెలో ద ఫొన్సెకాను ప్రోత్సహించారు. వేంకటపతి కొలువులో ఐరోపా చిత్రకారుడైన గురువు ఉదంతం రాసినవాడికి ఈ కోరిక కలగడంలో వింత లేదు. భారత పౌరసత్వం స్వీకరించారు. 1955 డిసెంబరు 14న బొంబాయిలో మరణించారు. 1981లో భారత తపాలా శాఖ ఆయన చిత్రంతో తపాలా బిళ్ల విడుదల చేసింది.

1614 తరువాత

ఆరవీటి వంశ చరిత్ర మొదటి సంపుటం 1542 నుంచి 1614 వరకు ఉన్న కాలానికి సంబంధించినది. రెండో సంపుటం రాలేదు. వేంకటపతి మరణం దగ్గర మొదటిది ముగియడంతో, లేఖలూ తెలుగు కావ్యాలూ ఒకదాన్నొకటి గట్టిగా ఢీకొనే ఘట్టం హేరాస్ చేతిలో పడకుండా పోయింది. (ఇక్కడ ఒక చిన్న హెచ్చరిక: హేరాస్ రెండవ వేంకటుడన్న రాజునే, ఆరవీటివారిని మాత్రమే లెక్కించేవారు మొదటి వేంకటుడంటారు. మన సిద్ధాంత గ్రంథాల్లో ఈ రెండు లెక్కలూ ఒకే పుటలో కలిసిపోయిన సందర్భాలు చూశాను.)

1614 అక్టోబరులో వేంకటపతి మరణించాడు. అన్న కొడుకు శ్రీరంగణ్ణి వారసుడుగా నిర్ణయించి పోయాడు. రాణి బయమ్మ కొడుకుగా పెరుగుతున్న బాలుడు నిజానికి రాజు బిడ్డ కాదన్న మాట కొలువులో ఉంది. ఆమె పుట్టింటివాడైన గొబ్బూరి జగ్గరాయడు ఆ బాలుణ్ణి నిలబెట్టదలచి శ్రీరంగణ్ణి కుటుంబంతో సహా బంధించాడు. వెలుగోటి యాచమనాయకుడు ఒక్కడు ఎదురు నిలిచాడు. బందీలైన రాజకుటుంబం చివరకు హతమైంది. బతికి బయటపడిన రామదేవుడు తోపూరు యుద్ధం తరువాత రాజయ్యాడు. ఈ కథకు అత్యంత వివరమైన ఆధారం మనువేల్ బర్రాదస్ అనే యేసుసభ గురువు 1616 డిసెంబరు 12న కొచ్చిన్ నుంచి రాసిన ఉత్తరం. స్యూయెల్ దాని అనువాదాన్ని తన గ్రంథంలో చేర్చారు. తెలుగులో వెలుగోటివారి వంశావళి ఉంది. దానిని 1939లో మద్రాసు విశ్వవిద్యాలయం పక్షాన పరిష్కరించి ప్రకటించినవారు, హేరాస్‌తో మూలాల వాదం నడిపిన ఆ వెంకటరమణయ్యే. సంస్కృతంలో తంజావూరు వైపు నుంచి రామభద్రాంబ రఘునాథాభ్యుదయం ఉంది. అది రఘునాథనాయకుని పక్షాన మాట్లాడుతుంది.

వంశావళిలో కర్త యాచమనాయకుడే. ఉత్తరమేరూరులో దావులపాపణ్ణి ఓడించిన వీరుడిగా అతడు అందులో అప్పటికే స్థిరపడి ఉన్నాడు. రఘునాథాభ్యుదయంలో తోపూరు విజయం రఘునాథునిది. బర్రాదస్ ఉత్తరం ఈ రెండు పక్షాలకూ చెందదు గనుక అదే నమ్మదగినదనిపిస్తుంది. కానీ అది సంఘటనలు మొదలైన రెండేళ్లకు, దూరపు రేవు నుంచి రాసినది. అందులో చాలాభాగం చెప్పగా విన్నదై ఉండాలి. చెరనుంచి రాజును తప్పించడానికి సొరంగం తవ్వడం, అది బయటపడిపోవడం వంటి వివరాల్లో జానపద కథన ఛాయ ఉంది. ఎవరు చెప్పగా విన్నాడన్నది అసలు ప్రశ్న. యాచమనాయకుణ్ణి ఆ ఉత్తరం మెచ్చుకునే తీరు చూస్తే, వెలుగోటివారి శిబిరంలో తిరిగిన కథే ఏదో దారిన కొచ్చిన్ దాకా వెళ్లిందని నా అనుమానం. అదే నిజమైతే ఉత్తరమూ వంశావళీ రెండు వేరు సాక్ష్యాలు కావు. ఒకే నోటి మాట ఒకచోట పోర్చుగీసులో, మరొకచోట తెలుగులో నిలిచిందన్నమాట. ఈ అనుమానాన్ని తేల్చడానికి వంశావళిలోని ఆ భాగాన్ని ఉత్తరంతో ఘట్టం ఘట్టంగా పోల్చవలసి ఉంది. ఆ పనిని నా సిద్ధాంత గ్రంథంలో చేస్తున్నాను.

పోలికకు మొదటి ఘట్టంగా నేను తీసుకున్నది రామదేవుడు చెర దాటిన తీరు. ఉత్తరం ప్రకారం యాచమనాయకుడు ఒక చాకలితో ఏర్పాటు చేశాడు. ఆ చాకలి పన్నెండేళ్ల లోపు బాలుణ్ణి మైలబట్టల మూటలో దాచి కావలివారి ముందు నుంచే బయటికి మోసుకు పోయాడు. ఆరవీటి వంశం మరికొన్ని దశాబ్దాలు నిలిచింది ఆ మూట వల్ల. ఉత్తరంలో జగ్గరాయడికి పేరుంది, యాచమనాయకుడికి పేరుంది, రాణికి పేరుంది. చాకలికి లేదు.